చేత్తో చేసే యార్డ్ సైన్లు: 60 కావాలి, అందులో 20 తెలుగులో. అట్ట, రంగు, అక్షరాలు, పాతడం

నల్లరేగడి (#1)

టెక్సాస్, కాలిన్ కౌంటీ. స్కూల్ బోర్డు ఎన్నిక మే నెల మొదటి శనివారం, అంటే 2026లో మే 2. ప్రచారానికి ప్రింటింగ్ డబ్బులు తక్కువ, పనిచేసే చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. 60 యార్డ్ సైన్లు, అంటే ఇళ్ల ముందు పాతే ప్రచార బోర్డులు, చేత్తో చేయాలి: 40 ఇంగ్లిషు, 20 తెలుగు. కొలత మామూలుగా అందరూ వాడే 18×24 అంగుళాలే, రెండు వైపులా అక్షరాలు ఉండాలి.

తెలియాల్సినవి: ఏ అట్ట, ఏ రంగు, తెలుగు అక్షరాలకు స్టెన్సిల్ (అక్షరం ఆకారం కోసిన అచ్చు) ఎలా కోయాలి, ఈ నల్లమట్టిలో ఎలా పాతితే నిలుస్తుంది. పోస్టర్ అట్ట మీద మార్కర్ పెన్నుతో రాసే పద్ధతి వద్దండి, ఏప్రిల్ గాలివానకు ఒక్క రాత్రి కూడా ఆగదు.

అట్టపని (#2)

4 మిల్లీమీటర్ల కొరోప్లాస్ట్ తీసుకోండి. లోపల సన్న గొట్టాలుండే ప్లాస్టిక్ అట్ట. ఇంటి సామాను దొరికే పెద్ద దుకాణాల్లో 4×8 అడుగుల షీటుగా అమ్ముతారు. ఒక షీటుకు సరిగ్గా 10 సైన్లు వస్తాయి: 48 అంగుళాల వైపు 24 చొప్పున రెండు, 96 అంగుళాల వైపు 18 చొప్పున ఐదు. చివర 6×48 పట్టీ ఒకటి మిగులుతుంది, దాన్ని పారేయకండి. 60కి 6 షీట్లు చాలు కానీ 7 కొనండి. రంగు పరీక్షకి, కోతలో పోయేవాటికి ఒకటి కావాలి.

కోసే ముందు చూడాల్సింది ఒకటే, గొట్టాలు ఎటు పోతున్నాయి? సైన్ నిలబెట్టినప్పుడు గొట్టాలు నిలువుగా ఉండాలి, ఎందుకంటే హెచ్ ఆకారపు కమ్మీ కాళ్లు కింది నుంచి ఆ గొట్టాల్లోకే దూరతాయి. మామూలు షీట్లలో గొట్టాలు 8 అడుగుల వైపు పోతాయి కాబట్టి పైన చెప్పిన కోతే సరిపోతుంది. గొట్టాలు 4 అడుగుల వైపు పోయే షీటు దొరికితే లెక్క మారిపోతుంది, 8 మాత్రమే వస్తాయి. చాలామంది 10 కోసేసి, కమ్మీ దూర్చబోయేదాకా ఆ సంగతి గమనించరు.

గొట్టం వెంట కోత సులువు, కత్తి దానంతటదే దారిలో పోతుంది. గొట్టాలకు అడ్డంగా కోసేటప్పుడు స్టీలు స్కేలు గట్టిగా అదిమిపెట్టి రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి. ఒక్కసారిగా బలంగా లాగితే గొట్టాల నోళ్లు నలిగి మూసుకుపోతాయి, అప్పుడు కమ్మీ దూరదు. రెండు షీట్లకోసారి బ్లేడు మార్చండి. నలిగిన నోరు ఉంటే సన్న స్క్రూడ్రైవర్‌తో విప్పుకోవచ్చు.

కమ్మీలు 10×30 అంగుళాలవి, 60. కాళ్ల మధ్య దూరం 10 కాబట్టి అట్ట అంచు నుంచి 7 అంగుళాల దగ్గర ఒక కాలు దిగితే మధ్యకు వస్తుంది. అట్ట పై అడ్డకమ్మీకి తగిలేదాకా దించాలి.

రంగుడబ్బా (#3)

అట్ట సంగతి పైన బాగా చెప్పారు. అసలు తంటా రంగుతో.

కొరోప్లాస్ట్ అంటే పాలీప్రొపిలీన్. తామరాకు మీద నీటిబొట్టు ఎలా ఉంటుందో దీని మీద రంగు అలా ఉంటుంది. ఆరినట్టే కనిపిస్తుంది, రెండు వారాలకు పొర లేచి ముక్కలుగా ఊడిపోతుంది. సైన్ల కోసం అమ్మే షీట్లకు ఫ్యాక్టరీలోనే కరెంటు శుద్ధి చేసి పై పొరకు కాస్త పట్టు తెప్పిస్తారు, కానీ ఆ పట్టు నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, చేతి జిడ్డు తగిలినచోట ఇంకా తగ్గుతుంది. కొన్న రోజే ఒక మూల నీటిబొట్టు వేసి చూడండి. బొట్టు పరుచుకుంటే మంచిదే. ముత్యంలా నిలబడితే పని ఉంది.

ఆ పని ఇలా:

ముందు 220 నంబరు శాండ్‌పేపర్‌తో, అక్షరాలు వచ్చే చోట మాత్రమే, మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్దండి. గట్టిగా రుద్దితే గొట్టాల గీతలు పైకి తేలి, రంగు చారలుగా కనిపిస్తుంది. తర్వాత రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. అక్కణ్ణుంచి ఆ చోట వేలు పెట్టకూడదు. ఆపైన అడ్హీషన్ ప్రమోటర్ (రంగుకు పట్టు పెంచే పూత) స్ప్రే, పలుచగా ఒక్క పొర. కార్ల విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది, కార్ల బంపర్లు కూడా ఈ జాతి ప్లాస్టిక్కే కాబట్టి. డబ్బా మీద పాలీప్రొపిలీన్‌కు పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసి కొనండి. దాని మీద రంగు ఎంతసేపట్లో వేయాలో కూడా డబ్బా మీదే ఉంటుంది, ఆ గడువు దాటితే ప్రమోటర్ వేసినా వేయనట్టే. అందుకని ఒకేసారి 60కి కొట్టేయకుండా ఆరేసి చొప్పున పని నడపండి.

రంగు: బయటి గోడలకు వేసే అక్రిలిక్ లేటెక్స్, శాటిన్. తెల్ల అట్టను తెల్లగానే వదిలి అక్షరాలకు మాత్రమే రంగు వేయండి. లెక్క: ఒక వైపు 3 చదరపు అడుగులు, అందులో అక్షరాలు సుమారు మూడో వంతు. రెండు వైపులా, రెండు పూతలు అంటే సైన్‌కు 4 చదరపు అడుగులు, 60కి 240. క్వార్టు (లీటరుకు కాస్త తక్కువ) డబ్బా 90 చదరపు అడుగుల దాకా కవర్ చేస్తుంది, కాబట్టి 3 క్వార్టులు. అదే అక్షరాల వెనక నేపథ్యమంతా రంగు, అక్షరాలు తెలుపు కావాలంటే సుమారు 480 చదరపు అడుగులు అవుతుంది, రంగూ రెట్టింపు, ఊడిపోయే చోటూ రెట్టింపు.

ఏ రంగు? ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, నలుపు. తెలుపు మీద పసుపు దూరం నుంచి కనిపించదు. ఎరుపు పగలు బాగుంటుంది గానీ సంధ్యవేళ నల్లబడుతుంది. జనం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే వేళ అదే కదా.

చలి సంగతి: లేటెక్స్‌కు 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ పైన ఉండాలి, వేసేటప్పుడే కాదు ఆరే రాత్రంతా. ఫిబ్రవరిలో తలుపు తెరిచిన గరాజులో వేస్తే పొర సరిగా కూడదు, పొడిపొడిగా రాలుతుంది.

నల్లరేగడి (#4)

రంగుడబ్బా గారూ, ఊడుతుందో లేదో ముందే తెలిసే పరీక్ష ఏమైనా ఉందా? 60 పూర్తి చేశాక తెలిస్తే లాభం లేదు.

రంగుడబ్బా (#5)

ఉంది. మిగిలిన ముక్క మీద ఇదే పద్ధతిలో పూత వేసి 3 రోజులు ఆరనివ్వండి. కొత్త బ్లేడుతో అడ్డం ఆరు, నిలువు ఆరు సన్న గీతలు గీయండి, చిన్న గళ్లు పడతాయి. పెట్టెలకు వేసే ప్యాకింగ్ టేపు దాని మీద గోటితో గట్టిగా రుద్ది, ఒక్క విసురులో లాగండి. టేపుకు గళ్లు గళ్లుగా రంగు వచ్చిందంటే శాండ్‌పేపరో ప్రమోటరో సరిగా పడలేదన్నమాట. గీతల అంచుల్లో నలుసులు వస్తే ఫర్వాలేదు. శాండ్‌పేపర్ ఉన్నదీ లేనిదీ, ప్రమోటర్ ఉన్నదీ లేనిదీ, నాలుగు ముక్కలు పక్కపక్కన పెట్టి చూడండి.

జల్లెడచట్రం (#6)

40 ఇంగ్లిషు సైన్లన్నీ ఒకే డిజైన్ అయితే స్క్రీన్ ప్రింటింగ్ (చట్రానికి బిగించిన జల్లెడ బట్ట గుండా సిరా దింపే అచ్చు) ఆలోచించారా? 110 మెష్ (అంగుళానికి 110 దారాల బట్ట), పెద్ద అక్షరాలకు అది చాలు. చట్రం లోపలి కొలత డిజైన్ కంటే నాలుగు వైపులా కనీసం 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి, లేకపోతే స్క్వీజీ (సిరాను లాగే రబ్బరు పలక) అంచు దగ్గర బట్ట వంగదు, అక్షరాల చివర్లు మసకబారతాయి.

టీషర్టులకు వాడే ప్లాస్టిసాల్ సిరా మాత్రం వద్దు. అది గట్టిపడాలంటే 160 సెల్సియస్ వేడి కావాలి, పాలీప్రొపిలీన్ కరిగేదీ ఆ దరిదాపుల్లోనే. అట్ట అప్పడంలా వంకర తిరుగుతుంది. గాలికి ఆరే, పాలీప్రొపిలీన్‌కు పనికొచ్చే సాల్వెంట్ సిరా కావాలి. దాని ఆవిరి మండే రకం. గరాజులో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే అక్కడ ఆ పని చేయనే కూడదు, పైలట్ మంట చాలు అంటుకోవడానికి. ఆరుబయట, నీడలో.

నిజానికి 40కి ఈ ఏర్పాటంతా ఎక్కువే. 100 దాటితే తప్ప స్టెన్సిలే నయం.

అట్టపని (#7)

నాదీ అదే మాట. ఇంగ్లిషుకు స్టెన్సిల్. 10 మిల్ (అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్) మందం మైలార్ ప్లాస్టిక్ షీటు కోస్తే 40 కాదు, 200 సైన్లకు నిలుస్తుంది. స్టెన్సిల్ వెనక, తీసి మళ్లీ అంటించగలిగే రకం జిగురు స్ప్రే పలుచగా కొట్టి పరిస్తే రంగు కిందికి పాకదు. 4 అంగుళాల నురగ రోలర్. రంగులో ముంచి ట్రేలో తిప్పి తిప్పి, ఆరినట్టే అనిపించేదాకా వదిలించి అప్పుడు తిప్పండి. స్టెన్సిల్ పనిలో పాడయ్యేవాటిలో చాలావరకు రోలర్‌కు రంగు ఎక్కువై పాడయ్యేవే. ఒక మందపు పూత కంటే రెండు పలుచని పూతలు.

ప్రతి 8, 10 సైన్లకు స్టెన్సిల్ తీసి రెండు వైపులా తుడవండి. వెనక అంచుకు పట్టిన రంగు తర్వాతి సైన్ మీద నీడలా అచ్చవుతుంది.

లెక్కపక్కా (#8)

అక్షరాల కొలత ఎవరూ ఎత్తలేదు. హాయిగా చదవగలిగే దూరం, అక్షరం అంగుళానికి 10 అడుగులు అని సైన్లవాళ్ల లెక్క. వీధిలో కారు గంటకు 25 మైళ్ల వేగంతో వెళ్తే సెకనుకు సుమారు 37 అడుగులు. 2 అంగుళాల అక్షరాలైతే 20 అడుగుల దూరంలో చదవాలి, అంటే అర సెకను. ఇంటిపేరు 5 అంగుళాలకు తగ్గకూడదు.

24 అంగుళాల వెడల్పులో అంచులు పోగా 22. 5 అంగుళాల ఎత్తున్న కాస్త సన్నపాటి బోల్డ్ అక్షరం, పక్క ఖాళీతో కలిపి సుమారు 3 అంగుళాలు పట్టుకుంటుంది. ఏడు అక్షరాల పేరు సరిపోతుంది. మన ఇంటిపేర్లు పన్నెండు అక్షరాలవి చాలా ఉన్నాయి, అలాంటప్పుడు జనం పిలిచే పొట్టి పేరు పెద్దగా, పూర్తిపేరు కింద చిన్నగా వేయండి. నినాదం వద్దు. వెబ్‌సైటు చిరునామా వద్దు, కారులోంచి ఎవరూ రాసుకోరు.

గీతదాటొద్దు (#9)

స్టెన్సిల్ కోసే ముందే నిబంధనలు చూసుకోండి, తర్వాత చేర్చాలంటే చోటు ఉండదు. టెక్సాస్‌కు సంబంధించినవి మాత్రమే చెప్తున్నాను.

ఒకటి, ‘ఫర్’ అనే మాట. అభ్యర్థి ఇప్పుడు ఆ పదవిలో లేకపోతే పదవి పేరు ముందు ‘ఫర్’ ఉండి తీరాలి, ఆ మాట పదవి పేరు అక్షరాల ఎత్తులో కనీసం సగం ఉండాలి. టెక్సాస్ ఎలక్షన్ కోడ్ సెక్షన్ 255.006. పదవి పేరు 2 అంగుళాలైతే ‘ఫర్’ 1 అంగుళానికి తగ్గకూడదు. చేత్తో చేసేవాళ్లు చోటు చాలక మొదట కుదించేది ఆ మాటనే.

రెండు, రహదారి హెచ్చరిక. రోడ్డు మీద నుంచి కనిపించేలా చేసిన ప్రతి సైన్ మీదా, దీన్ని హైవే రైట్ ఆఫ్ వేలో (రహదారికి చెందిన స్థలంలో) పెట్టడం ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్ 392, 393 అధ్యాయాల ప్రకారం రాష్ట్ర చట్ట ఉల్లంఘన అని చెప్పే వాక్యం ఉండాలి. వాక్యం 255.007లో ఉంది, అక్షరం మార్చకుండా దించుకోండి. మూడు, ఇది రాజకీయ ప్రకటన అని, డబ్బు ఎవరు పెట్టారో చెప్పే వరస, 255.001. ఈ రెండింటికీ స్టెన్సిల్ కోయనక్కర్లేదు. ప్లాస్టిక్ మీద ఆరే సిరాతో రబ్బరు స్టాంపు చేయించుకోండి, లేదా వానకు తడవని లేబుల్ కాగితం మీద ప్రింటు తీసి అంటించండి. నోటీసు ఊడిపోతే సైన్ లోపం కిందికి వస్తుంది కాబట్టి లేబుల్ నాలుగు మూలలా గోటితో అదమండి.

నాలుగు, హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం. ప్రాపర్టీ కోడ్ 202.009 ప్రకారం ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఎన్నిక తర్వాత పదో రోజుకు ముందు దాకా, ఇంటి యజమాని తన స్థలంలో సైన్ పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ ఆపకూడదు. మే 2 ఎన్నికకు ఫిబ్రవరి 1 నుంచి మే 11 వరకు. కానీ నేలలోనే పాతాలి, ఒక అభ్యర్థికి ఒక్కటే అని వాళ్లు షరతు పెట్టవచ్చు. చెట్టుకు కట్టినవి, బెలూన్లు, లైట్లు తగిలించినవి, 4×6 అడుగులు దాటినవి వద్దనవచ్చు. చేత్తో చేసింది కదా అని ముచ్చటపడి చుట్టూ పూలదండ, సీరియల్ లైట్లు కట్టకండి. చట్టం కాపాడేది వాటిని కాదు.

ఐదోది మనవాళ్లకు ముఖ్యం. హెచ్1బీ, ఎఫ్1, హెచ్4 వీసాల మీద ఉన్నవాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకైనా, స్కూల్ బోర్డుకైనా సరే, డబ్బు ఇవ్వకూడదు. రంగు డబ్బా, అట్ట కొని ఇవ్వడం కూడా విరాళమే. ఇది ఫెడరల్ చట్టం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వచ్చు. వీసా మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా శ్రమ ఇవ్వచ్చు, ప్రచార నిర్ణయాల్లో మాత్రం తలదూర్చకూడదు. కాబట్టి సామాను అంతా ప్రచార ఖాతా నుంచే కొనండి, రశీదులు కోశాధికారికి ఇవ్వండి. ‘నేను వస్తూ వస్తూ ఒక షీటు పట్టుకొస్తా’ అనేవాళ్లు మంచి మనసుతోనే అంటారు, ముందే చెప్పి ఆపండి.

నల్లరేగడి (#10)

ఐదోది చాలా మేలు చేసింది. వచ్చేవాళ్లలో సగం మంది వీసా మీదే ఉన్నారు. సామాను కొనుగోలంతా ఒక్కరి చేతిలో పెడతాం.

తెలుగు సైన్ల మీద కూడా ‘ఫర్’ కావాలా? ‘స్కూల్ బోర్డుకు’ అంటే అందులోనే ఉంది కదా.

గీతదాటొద్దు (#11)

చట్టంలో ఉన్నది ఇంగ్లిషు మాట. ‘కు’ విభక్తి చాలదా అన్న వాదనకు దిగడం కంటే తెలుగు సైన్ కింద ఇంగ్లిషులో పేరు, ఫర్, పదవి ఒక వరస వేసేయండి. బ్యాలెట్ మీద పేరు ఇంగ్లిషులోనే ఉంటుంది కాబట్టి ఓటరుకూ ఆ వరస కావాలి.

గుండ్రక్షరం (#12)

తెలుగు స్టెన్సిల్‌కి వద్దాం. ఇంగ్లిషులో ఓ, ఏ, డీ లాంటివి కొన్ని అక్షరాలకే, కోసినప్పుడు మధ్యలో మిగిలే ముక్క (దీవి) ఊడిపోయే సమస్య. తెలుగులో ర, వ, మ, సున్న ఎక్కడ చూసినా ఉంటాయి. ఆ దీవిని పట్టుకోవడానికి చుట్టూ ఉన్న షీటుకు కలిపే సన్న పట్టీ, అంటే వంతెన, కోయకుండా వదలాలి, 6 మిల్లీమీటర్లకు తగ్గితే నాలుగు సైన్లకే తెగిపోతుంది.

వంతెన ఎక్కడ వదులుతామన్నదే చిక్కు. ‘వ’ ఎడమ పొట్ట పైన వదిలితే అక్కడ ఖాళీ వచ్చి దూరం నుంచి ‘ప’ అయిపోతుంది. ‘ఓటు వేయండి’ కాస్తా ‘పేయండి’. అందుకని ‘వ’కు వంతెన కింది అంచులో, కాస్త ఎడమకు జరిపి వదలాలి. ‘ర’కు పక్కలకు వదలండి, అడుగున వద్దు. సున్నకు ఐమూలగా రెండు. తలకట్టు, కొమ్ము అక్షరానికి అంటకుండా విడిగా కోస్తే స్టెన్సిల్ గట్టిగా ఉంటుంది, చూడ్డానికీ తేడా తెలియదు. ‘ర’ పొట్టలో రంగు చుక్క పడితే ‘ఠ’ అవుతుంది, వెంటనే తుడిచేయండి.

ఒత్తులు చిన్నవిగా ఉండి రంగుతో పూడిపోతాయి. ‘బోర్డు’లో రేఫ కింద డ ఒత్తును ఫాంటులో ఉన్నదానికంటే పావు వంతు పెంచి కోయండి.

కుంచె (#13)

గుండ్రక్షరం గారు చెప్పినవన్నీ నిజమే. కానీ 20 సైన్లకు తెలుగు స్టెన్సిల్ వద్దని నా గట్టి అభిప్రాయం. వంతెనలు పడిన తెలుగు అక్షరం విరిగిన గాజులా ఉంటుంది. మన లిపి అందమంతా ఆ వంపు తెగకుండా తిరగడంలో ఉంది. విజయవాడ, గుంటూరు వీధుల్లో ఫ్లెక్సీలు రాకముందు బోర్డులు రాసినవాళ్లు ఇలాంటి పనికి వాడిన పద్ధతి వేరే ఉంది: చిల్లుల కాగితం, పొడి మూట. చిల్లుల అచ్చు మీద ముగ్గు దులిపినట్టే. దీవులూ వంతెనలూ అన్న బెడదే లేదు.

చేసే విధం. మాటలను కంప్యూటర్‌లో అసలు కొలతకు పెట్టుకోండి. రామభద్ర ఫాంటు గానీ, నోటో సాన్స్ తెలుగులో బాగా లావుపాటిది గానీ. 18×24ను మామూలు కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి టేపుతో అతకండి. కాగితం కింద పాత దుప్పటి మడత పరిచి, అక్షరాల గీత వెంట లావు సూదితో చిల్లులు పొడవండి. నిటారు గీతల్లో చిల్లుకూ చిల్లుకూ 4 మిల్లీమీటర్లు, వంపుల్లో 2. వంపులో దూరం ఎక్కువైతే చుక్కలు కలిపేటప్పుడు గుండ్రం కోణాలుగా మారిపోతుంది. వెనక పైకి లేచిన అంచులను శాండ్‌పేపర్‌తో ఒకసారి రుద్దితే చిల్లులు తెరుచుకుంటాయి. ఇది చేయకపోతే పొడి దిగదు, చాలామంది ఇక్కడే పద్ధతి పనిచేయలేదని వదిలేస్తారు.

పలుచని నూలు గుడ్డలో రెండు చెంచాల బొగ్గుపొడి లేదా నీలం సుద్దపొడి మూట కట్టండి. వడ్రంగులు దారం గీతకు వాడే నీలం పొడి ఇక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. ఎర్రది వద్దు, మరక పోదు. కాగితం అట్ట మీద టేపుతో బిగించి మూటతో తడుతూ పొండి, రుద్దకండి. తీసి చూస్తే చుక్కల అక్షరం ఉంటుంది. ఇప్పుడు ముప్పావు అంగుళం చదునైన సింథటిక్ కుంచెతో ముందు అంచులు, తర్వాత లోపల నింపడం. వంపు గీసేటప్పుడు కుంచెను వేళ్ల మధ్య తిప్పుతూ రావాలి, మణికట్టు తిప్పితే గీత వెడల్పు మారుతుంది. పూర్తిగా ఆరాక పొడి గుడ్డతో దులిపితే చుక్కలు పోతాయి.

ప్రమోటర్ ముందే కొట్టి ఉంటుంది కాబట్టి దాని గడువులో పని అయిపోయేలా ఇద్దరు కూర్చోండి: ఒకరు పొడి తట్టడం, ఒకరు రంగు. ఒక కాగితం 20కి సుఖంగా సరిపోతుంది.

గుండ్రక్షరం (#14)

కుంచె పట్టడం అలవాటు లేనివాళ్లతో 40 ముఖాలు రాయించడం సాధ్యమా? స్టెన్సిల్ అయితే ఎవరైనా రోలర్ తిప్పేస్తారు.

కుంచె (#15)

చుక్కల గీత ఉంటే సాధ్యమే. అంచులు గీయడం స్థిరమైన చెయ్యి ఉన్న ఇద్దరికి ఇచ్చి, లోపల నింపడం మిగతావాళ్లకు ఇవ్వండి. ముగ్గులు వేసే చేతులైతే ఇంకా మంచిది, వంపు వాళ్లకు ముందే తెలుసు. గోడ కుంచెతో కాకుండా కాస్త పొడుగు వెంట్రుకలున్నది వాడండి, పొట్టి వెంట్రుకలదైతే వంపు మధ్యలోనే రంగు అయిపోతుంది. లేటెక్స్ కుంచెకు బిగిస్తే చెంచాడు నీళ్లు కలపండి, అంతకు మించి వద్దు.

లెక్కపక్కా (#16)

తెలుగు సైన్ కొలతలు. ఇంగ్లిషు పెద్దక్షరానికి ఎత్తంతా ఒళ్లే. తెలుగు వరసలో పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు పోగా అక్షరం ఒళ్లు సగానికి కాస్త అటూ ఇటూ. వరస 6 అంగుళాలంటే ఒళ్లు 3. కాబట్టి అంగుళానికి 10 అడుగులన్న లెక్కను ఒంటికి మాత్రమే కట్టండి. 18 అంగుళాల ఎత్తులో: 6 చొప్పున రెండు తెలుగు వరసలు, ఇంగ్లిషు వరస 2.5, నోటీసులు 1.5, అంచులకు 2. మూడో తెలుగు వరసకు చోటు లేదు. పై వరస పేరు, కింది వరస ‘ఓటు వేయండి’, అంతే.

ఇవి కార్లు వేగంగా పోయే పెద్ద రోడ్డు పక్కన కంటే, జనం నడిచే వీధుల్లో, కాలనీ మలుపుల్లో పనికొస్తాయి. గుడి ఆవరణలో మాత్రం పెట్టకండి. గుళ్లలాంటి 501(సి)(3) సంస్థలు (పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థలు) అభ్యర్థుల ప్రచారంలో పాల్గొనకూడదు, ఇబ్బంది గుడికి వస్తుంది. దుకాణాల ముందైతే స్థలం యజమాని అనుమతి, అద్దెకున్నవారిది కాదు.

జల్లెడచట్రం (#17)

ఫాంటు విషయంలో ఒక జాగ్రత్త. పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు అతికిస్తే ఒత్తులు విడిపోయి ‘స్కూల్’ కాస్తా స, పొల్లు, కూల్ అని వస్తుంది. అడోబ్ వాటిలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ప్రింటుకు పంపే ముందు అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చండి, వేరే కంప్యూటర్‌లో ఫాంటు లేకపోతే రూపు మారిపోతుంది. చిల్లులు పొడిచే ముందు తెలుగు బాగా చదివే ఇద్దరు విడివిడిగా చదవాలి. తప్పుతో 20 సైన్లు వీధిన పడితే ఆ అభ్యర్థికీ మంచిది కాదు, మన భాషకూ మర్యాద కాదు.

పెరటిమట్టి (#18)

పాతడం గురించి. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి జాతిదే. ఎండితే రాయి, బీటలు. తడిస్తే బంక. రెండు స్థితుల్లోనూ కమ్మీ ఇబ్బంది పెడుతుంది.

ఎండి ఉంటే ముందు రోజు సాయంత్రం కమ్మీ కాళ్లు దిగే రెండు చోట్లా చెంబుడు నీళ్లు పోయండి. మర్నాడు పొడుగు స్క్రూడ్రైవర్‌తో పై గట్టి పొర 4 అంగుళాలు గుచ్చి, ఆ కన్నంలో కమ్మీ పెట్టి కింది అడ్డకమ్మీ మీద కాలితో నొక్కండి. అట్టను పట్టుకుని నొక్కితే గొట్టాలు చిరిగిపోతాయి, కాబట్టి కమ్మీ ముందు, అట్ట తర్వాత. సుత్తితో కొడితే 9 గేజి కమ్మీ వంగుతుంది. స్ప్రింక్లర్ తలల దగ్గర వద్దు. గుచ్చేటప్పుడు మెత్తగా ఏదైనా అడ్డు తగిలితే ఆపి అడుగు పక్కకు జరగండి.

గాలి: గంటకు 40 మైళ్ల గాలి చదరపు అడుగుకు సుమారు 4 పౌన్ల ఒత్తిడి. మీ సైన్ 3 చదరపు అడుగులు, అంటే 12 పౌన్లు. నేల మెత్తగా ఉన్నప్పుడు కమ్మీ వాలుతుంది, నేల గట్టిగా ఉంటే అట్ట కమ్మీ మీద నుంచి పైకి లేచి పోతుంది. రెండోదానికి మందు: అట్ట కింది అంచుకు అంగుళం పైన, కమ్మీ కాలికి రెండు పక్కలా చిన్న కన్నాలు పొడిచి జిప్ టై వేసి పై అడ్డకమ్మీకి బిగించండి. కాలికి ఒకటి చొప్పున, 120 జిప్ టైలు. ఎండకు పెళుసెక్కని నల్లవి తీసుకోండి. మొదటి వాన తర్వాత ఒక రౌండు తిరిగి వాలినవి నిలబెట్టి, కాలి చుట్టూ మట్టి తొక్కండి.

ముఖం రోడ్డు వైపు కాదు, రోడ్డుకు అడ్డంగా పెట్టాలి. వచ్చేవాళ్లకు ఒక వైపు, పోయేవాళ్లకు ఇంకో వైపు కనిపిస్తుంది. కాలిబాటకూ రోడ్డుకూ మధ్య ఉండే గడ్డి పట్టీ చాలా ఊళ్లలో సిటీది, అక్కడ పెట్టినవి తీసేస్తారు. కాలిబాటకు ఇంటి వైపే పెట్టండి. పోలింగ్ కేంద్రం తలుపు నుంచి 100 అడుగుల లోపల అసలు కూడదు.

నల్లరేగడి (#19)

ఇంకొక్కటి. ఆరిన సైన్లను ఎలా పేర్చాలి? గరాజులో చోటు తక్కువ.

అట్టపని (#20)

అందుకే #2లో 6×48 పట్టీలు దాచమన్నాను. ఒక్కో పట్టీని 2 అంగుళాల ముక్కలుగా అడ్డంగా కోస్తే 24 వస్తాయి, ఆరు పట్టీలకు 144. సైన్‌కూ సైన్‌కూ మధ్య అక్షరాలు లేని రెండు అంచుల్లో ఒక్కో ముక్క పెట్టి పేర్చండి. లేటెక్స్ చేతికి గంటలో ఆరినట్టుంటుంది గానీ లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. ముఖం మీద ముఖం పెట్టి పేరిస్తే అతుక్కుని, విడదీసేటప్పుడు ఒకదాని అక్షరం ఇంకోదాని మీదికి వస్తుంది. పంచేటప్పుడు కారులోనూ అంతే, ముక్కలు తీయకుండా నిలువుగా పెట్టండి.

రంగుడబ్బా (#21)

పంచే రోజు ఎండలో కారు అద్దాలు మూసి వదలకండి. కొత్త లేటెక్స్ వేడికి మెత్తబడుతుంది, ముక్కలున్నా వాటి అంచులు రంగు మీద అచ్చు పడతాయి.

గీతదాటొద్దు (#22)

ఎవరి ఇంటి ముందు ఏది పెట్టారో చిరునామాల జాబితా రాసుకోండి. మే 11 లోపు 60కి 60 తిరిగి రావాలి. కమ్మీలు వచ్చే ఎన్నికకు పనికొస్తాయి. అట్టలు రీసైక్లింగ్ నంబరు 5, ఇంటి ముందు డబ్బాలో చాలా ఊళ్లు తీసుకోవు. వాటి మీద రుద్ది మళ్లీ తెల్ల ప్రైమర్ రెండు పూతలు వేస్తే ఇంకోసారి రాయవచ్చు. అప్పుడు పాత నోటీసు లేబుల్ ముందు పీకేయండి, డబ్బు పెట్టినవారి పేరు మారిపోయి ఉంటుంది.

నల్లరేగడి (#23)

నాలుగు ముక్కల టేపు పరీక్ష ఫలితం: శాండ్‌పేపర్, ప్రమోటర్ రెండూ లేనిది మొత్తం ఊడింది. శాండ్‌పేపర్ ఒక్కటే ఉన్నది సగం. ప్రమోటర్ ఒక్కటే ఉన్నది అంచుల్లో కొన్ని గళ్లు. రెండూ ఉన్నదానికి గీతల వెంట నలుసులే. తెలుగు 20కి చిల్లుల కాగితమే ఖాయం చేశాం. కుంచె గారూ, చిల్లులు పొడవడం అయింది, వెనక శాండ్‌పేపర్ ఏ నంబరు?

కుంచె (#24)

220ది చాలు, మీ దగ్గర ఎలాగూ ఉంది. ఒకే దిక్కుకు, తేలిగ్గా. తర్వాత కాగితాన్ని కిటికీకి ఆనించి చూడండి, వెలుగు రాని చిల్లు ఎక్కడైనా ఉంటే సూదితో మళ్లీ తెరవండి. ముఖ్యంగా ‘యం’ దగ్గర, అక్కడ వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి.